మునగని గుడ్డు

గుడ్డు మునగలేదు.

"మంచినీళ్ళలో వేస్తే మునుగుతుంది చూడండి" అని రామతులసి మేడమ్ అంత గట్టిగా చెప్పి మరీ గ్లాసులో వేసింది. అదేమో దర్జాగా పైకొచ్చి తేలుతూ కూర్చుంది.

ఎనిమిదో తరగతి మొత్తం నోరు తెరిచింది. వెనక బెంచీలో ఉన్న సత్యప్రసాద్ గారి పెన్ను ఆగిపోయింది. రామతులసికి టీచర్ ట్రైనింగ్ స్కాలర్‌షిప్ ఇస్తున్న సంస్థ తరఫున, ఈ ఒక్క క్లాసు చూడడానికే ఆయన రాజమండ్రి నుంచి మొగల్తూరు పక్కనున్న ఈ పల్లెకి వచ్చారు. పిల్లలు తమంతట తాము ప్రశ్నలడిగితేనే ఆమెకి రెండో ఏడాది ట్రైనింగ్. లేదంటే మళ్ళీ ట్యూషన్ సెంటర్‌కి పోయి బిట్లు బట్టీ పట్టిస్తూ కూర్చోవాల్సిందే. ఈ పిల్లలేమో కొత్తవాళ్ళుంటే పేరడిగినా చెప్పని రకం!

"మేడమ్, మునుగుద్దన్నారు కదండీ?" సూర్యకళ లేచింది.

"అన్నానమ్మా. మరెందుకు మునగలేదంటావ్?" మేడమ్ బుర్ర గోక్కుంది.

"నీళ్ళలో ఉప్పుందేమోనండి!"

ఉదయ్‌భాస్కర్ మేడమ్ గ్లాసులో పోయగా బాటిల్లో మిగిలిన నీళ్ళు ఓ గుక్క తాగాడు. "చప్పగానే ఉన్నాయండి."

"అయితే తేడా గుడ్డులోనే ఉందండి. లోపల గాలుందేమో!"

"గాలెలా వెళ్తాదిరా? కన్నమేదీ?"

"మనకి కనపడని కన్నాలుంటాయేమో! లేకపోతే లోపలున్న పిల్ల ఊపిరెలా పీలుస్తాది?"

ఇంకేముంది, క్లాసంతా ఒకటే గోల. బెంచీలు దాటొచ్చి బల్ల చుట్టూ మూగారు. సత్యప్రసాద్ గారు కూడా లేచొచ్చి, వాళ్ళ వెనక నుంచి మెడ చాపి చూస్తున్నారు.

"పగలగొట్టి చూద్దామాండి?" సూర్యకళ అడిగింది.

"సరే, కానివ్వు" అంది మేడమ్.

టప్! అమ్మో, ఆ కంపు! అందరూ ముక్కులు మూసుకుని కిటికీల దగ్గరికి పరిగెత్తారు. అక్కడికెళ్ళినా నోళ్ళు ఊరుకుంటేగా!

"మురిగితే బరువు తగ్గుద్దాండి?"

"తగ్గితే ఆ బరువంతా ఎటుపోయినట్టండి?"

"రేపు త్రాసు తెస్తాను, తూచి చూద్దాం" అంది మేడమ్.

బెల్లు కొట్టాక ఇద్దరూ వరండాలోకి వచ్చారు. సత్యప్రసాద్ గారు ముక్కు మీంచి జేబురుమాలు తియ్యకుండానే నవ్వారు.

"మీ ప్రయోగం తుస్సుమందండి. మీ అదృష్టం బాగుండి పిల్లలు వదల్లేదు. రెండో ఏడాదికి మీ పేరు ఖాయం చేస్తున్నాను. ఇకనుంచైనా గుడ్డు మంచిదో కాదో చూసి తెచ్చుకోండి."

"అలాగేనండి." రామతులసి తల దించుకుంది.

అంతలో బడిలో మధ్యాహ్న భోజనం వండే దీనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మేడమ్ గారూ, రేపటిక్కూడా అలాంటిదే ఉంచమంటారా? పొద్దున మంచి గుడ్డు ఇస్తానంటే వద్దని, బకెట్లో తేలిందని నేను పారేసినదాన్నే ఏరి పట్టుకెళ్ళారు కదండీ!"