పాత పైపు

అద్దాల తొట్టిలో పెంచడానికి కొత్తగా తెచ్చిన పాముచేప ఎనిమిదో రోజు కూడా రొయ్య ముక్క ముట్టుకోలేదు. దాన్ని అమ్మిన దుకాణం ఆయనకి ఫోన్ చేశాను.

“దాంతోపాటు ఇచ్చిన పాత పైపు ముక్క ఏదమ్మా?”

“పాచి పట్టి అసహ్యంగా ఉంటే తీసేశానండీ.”

“అయ్యో, ఊహ తెలిసినప్పట్నుంచీ అది అందులోనే ఉంది. ఉన్న ఒక్క చాటూ లాగేసి అద్దాల మధ్య కూర్చోబెడితే ఎవరికైనా ముద్ద దిగుతుందా?”

అదృష్టంకొద్దీ పైపు బాల్కనీలోనే పడి ఉంది. నీళ్లలో వేసి లైటు ఆపాను. చేప సర్రున అందులోకి దూరింది. కాసేపటికి మూతి మాత్రం బయటపెట్టి, పట్టకారుతో అందించిన రొయ్య ముక్కని లటుక్కున లాక్కుంది.

“తినేసిందే!” అని చిన్నపిల్లలా గంతేశాను.

అక్క పోయాక నా దగ్గరికొచ్చిన దాని ఆరేళ్ల కూతురు పక్కనే నిలబడి అంతా చూసింది. పిల్లని నవ్వించాలనే ఈ చేపని కొన్నాను. పిల్ల చేతిలో పొద్దున నేనిచ్చిన పాలగ్లాసు నిండుగా అలాగే ఉంది.

“పిన్నీ, అమ్మ దుప్పటి ఇంకా ఆరలేదా? అదిస్తే నేనూ తింటా.”

మాసి చిరిగిపోయిందని, పిల్ల వచ్చిన రోజే ఆ దుప్పటిని చెత్తబండిలో వేసేశాను. అప్పుడు అడిగితే ఉతికి ఆరేశానని చెప్పాను.