చెరపని నంబరు

శివాజీ షాపు ముందు ఢిల్లీబాబు బండి ఆగింది.

ఆగడమే శివాజీకి గిట్టలేదు. బండి మీంచి ఒకావిడ దిగడం ఇంకా గిట్టలేదు.

నలభై దాటిన మనిషి. నేత చీర, భుజాన సంచి, చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. ప్రాసెసర్లు పెట్టే డబ్బా అది. పలాసలో కంప్యూటర్ల షాపు నడిపేవాడికి ఆ మాత్రం తెలియదా?

‘అదన్నమాట సంగతి! ఈ టెక్కలి ఢిల్లీబాబుకి లీకులిచ్చేది ఈవిడే!’ అనుకున్నాడు.

శివాజీకీ, ఢిల్లీబాబుకీ యూట్యూబ్ ఛానెళ్లున్నాయి. రాబోయే ఖరీదైన ప్రాసెసర్ల గురించి బయటికి పొక్కిన కబుర్లు చెప్పడమే ఇద్దరి పని. ఎవడు ముందు చెబితే వాడే మొనగాడు.

శివాజీకి కబుర్లు ‘జీడిపిక్క’ అనే పేరుతో మెయిల్లో వచ్చేవి. ప్రాసెసర్ల కంపెనీలో ఉద్యోగమని తప్ప ఆ మనిషెవరో తెలీదు. శివాజీ ‘అన్నా’ అని రాస్తే, అవతలి నుంచి ‘తమ్ముడూ’ అని జవాబు. చెప్పిందల్లా నిజమయ్యేది.

ఈసారే చిక్కొచ్చి పడింది. కొత్త ప్రాసెసర్ పాత మదర్‌బోర్డులోనే పడుతుందని జీడిపిక్క చెబితే శివాజీ వీడియో పెట్టాడు. బోర్డు కూడా మార్చాల్సిందేనని ఢిల్లీబాబు పెట్టాడు.

జనం ఢిల్లీబాబునే నమ్మారు. శివాజీ వీడియో కింద ఒకటే ఎగతాళి. రుజువు పంపన్నా అని బతిమాలితే జీడిపిక్క దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఢిల్లీబాబు ఛానెల్ మాత్రం పెరిగిపోతోంది. కుళ్లుతో శివాజీకి అన్నం సహించడం మానేసింది.

ఆవిడ లోపలికొచ్చింది.

"శివాజీ ఉన్నాడా బాబూ?"

శివాజీ ఒక పాత కంప్యూటర్లో దుమ్ము బ్లోయర్‌తో ఊదేస్తున్నాడు. ముఖానికి మాస్కుంది. వీడియోల్లో అతని గొంతు వినబడడమే తప్ప ముఖం కనబడదు. ఢిల్లీబాబు తరఫున వెక్కిరించడానికే వచ్చిందనుకున్నాడు. అందుకే నోరు విప్పకుండా తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పుడొత్తాడు?"

మళ్లీ అడ్డంగానే ఊపాడు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. షాపు మెట్ల మీద నిలబడి, డబ్బా మూత తీసి ఢిల్లీబాబుకి చూపించింది. శివాజీ అద్దం వెనక నుంచి ఫోన్లో ఫొటో తీశాడు. చిప్, దాని మీది నంబరు స్పష్టంగా పడ్డాయి.

ఫొటో పెట్టేముందు నంబరు చెరిపెయ్యాలి. జీడిపిక్క నేర్పిన మొదటి పాఠమే అది. ‘ఆ నంబరు చూస్తే చిప్ ఎవరి చేతిలోంచి బయటికొచ్చిందో కంపెనీకి తెలిసిపోతుంది తమ్ముడూ. ఉద్యోగం ఊడుతుంది.’

శివాజీకి ఆ పాఠం బాగానే గుర్తుంది. చెరపలేదు.

‘పోతే పోనీ. పోయేది ఢిల్లీబాబు మనిషేగా!’

ఛానెల్లో పెట్టిన ఆ ఫొటోని సాయంత్రానికి లక్ష మంది చూశారు. ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వారం తిరిగాక ఢిల్లీబాబు వచ్చాడు. ఎప్పటి వెటకారం లేదు. ఆ డబ్బానే బల్ల మీద పెట్టాడు.

"ఎంత పని సేసినావు మావా! పాపం, ఆవిడ ఉద్యోగం ఊడిపోనాది."

"నాకేటి? నీ మనిషేగా."

"నా మనిషేటి? టేసన్ కాడ నీ షాపెక్కడని అడిగితే బండెక్కించుకొచ్చినాను. అంతే."

శివాజీ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"రుజువు మెయిల్లో పంపితే కంపెనీవోళ్లు పట్టేత్తారని సేత్తో తెచ్చిందంట. నువ్వు లేవనుకొని నాకిచ్చింది. పాత బోర్డులో పెట్టి అందరికీ సూపించమను, కుర్రోణ్ని ఎక్కిరిత్తన్నారు అంది. మాస్కేసుకున్నది నువ్వేనని నాకెరికే. సెప్పలేదు. ఇన్నాళ్లూ డబ్బా కూడా ఇవ్వలేదు. నాకు మాత్రం కుళ్లు లేదేటి?"

శివాజీ డబ్బాలోంచి చిప్ తీసి పాత బోర్డులో పెట్టాడు. చక్కగా కూర్చుంది.

"నిన్న ఫోన్ సేసింది మావా. ఉద్యోగం పోయిందన్న మాట తర్వాత సెప్పింది. ముందు డబ్బా నీకందిందా అనే అడిగింది."

"ఎవరావిడ?"

"మన పూండి వైపేనంట. వాళ్లమ్మ జీడి బట్టీలో పిక్కలు కొట్టేదంట. పేరడిగితే నవ్వింది. నువ్వు మెయిల్లో ‘అన్నా’ అని రాసేది తనకేనని సెప్పమంది."