గుండిగకిచ్చిన కంప్యూటరు

"ఇక లాభం లేదు పెద్దమ్మా. కొత్త లినక్స్ ఈ పాత మిషన్లకి ఎక్కదు," అన్నాడు చెల్లెలి కొడుకు అనుదీప్.

సాయిపద్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎందుకెక్కదు?"

"తయారుచేసేవోళ్ళే పాతవాటిని ఒదిలేసేరు."

"పాతయైపోతే ఒదిలేస్తారేటిరా? మీ పెదనాన్నని నేనొదిలేసేనా?"

లోపలి గదిలో భర్త నాగేంద్రప్రసాద్ దగ్గాడు. నేర్చుకోడానికి వచ్చిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

తనూ నవ్వింది గానీ, సాయిపద్మకి లోలోపల దిగులే. బరంపురంలో ఆ వీధి ఆడవాళ్ళకి ముందుగదిలో కంప్యూటరు నేర్పుతోందామె. ఉన్నవి ఆరు మిషన్లు. కంప్యూటర్ని నడిపించేదే ఆ లినక్స్; కొత్తది ఎక్కకపోతే వాటిలో బ్యాంకు సైటు తెరుచుకోదు, కరెంటు బిల్లు కట్టడం కుదరదు. ఇక నేర్పడానికేముంది? క్లాసు మూసుకోవాల్సిందే.

మర్నాడు ముందుగా ఒక మిషనుని తుడిచి అరుగు మీద పెట్టింది. పాతసామాను పుచ్చుకుని స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వచ్చే వేళ అది.

వెలిసిన చొక్కా వేసుకున్న ఒకాయన వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఇది ఇచ్చేస్తారా అమ్మా? పని సేస్తందా?"

"గుర్రంలా సేస్తాది. కొత్త లినక్స్ ఎక్కదు, అదొక్కటే రోగం."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అచ్చం ఇలాటిదే కావాల!"

రోగాన్ని చూసి మురిసిపోయే బేరగాణ్ణి సాయిపద్మ ఎన్నడూ చూడలేదు. ఇదే సందనుకుంది.

"గుండిగ ఇయ్యాల మరి. పెద్దది."

"గుండిగా?"

"నీ గంపేదీ? ఉత్తసేతుల్తో వచ్చేవేటి యాపారానికి?"

ఆయన తెల్లబోయాడు. తర్వాత నవ్వేసి, బజారుకెళ్ళి తళతళలాడే గుండిగ మోసుకొచ్చాడు.

"మూతేదీ?" అంది సాయిపద్మ.

పాపం, మళ్ళీ వెళ్ళి మూత తెచ్చాడు.

"గరిటె కూడా అడుగొదినా!" ఎదురింటి ప్రమోద కిటికీలోంచి కేకేసింది.

"సాల్లే, మంచోడిలాగున్నాడు," అంది సాయిపద్మ. అంత మంచివాణ్ణీ మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. మిషను ఆటో ఎక్కించి పంపేసింది.

నెల తిరక్కుండా అనుదీప్ పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా! పాత మిషన్లకి మళ్ళీ కొత్త లినక్స్ వచ్చింది!"

సాయంత్రానికల్లా మిగిలిన ఐదు మిషన్లూ వెలిగాయి. ప్రమోద తన కరెంటు బిల్లు తనే కట్టేసి, తనకి తనే చప్పట్లు కొట్టుకుంది. నాగేంద్రప్రసాద్ అందరికీ వేడివేడి బజ్జీలు తెచ్చాడు.

"ఎలా ఎక్కించాలో తయారుచేసినాయనే సెప్తన్నారు, సూడు," అంటూ అనుదీప్ ఫోనులో వీడియో పెట్టాడు.

సాయిపద్మ కెవ్వుమంది. "ఓలమ్మో! ఈయన ఆ పాతసామాన్లాయన కదరా!"

"పాతసామాన్లాయనేటి పెద్దమ్మా! పొలసరలో ఇంట్లో కూకుని పాత మిషన్లకి ఈ లినక్స్ తయారుచేసేది ఈయనొక్కరే. నడిపి సూసుకోడానికున్న ఒక్క పాత మిషనూ సెడిపోబట్టే అప్పుడు ఆపేసేరంట."