మూడో వన్స్‌మోర్

"ఆ బిడ్డ ఇంకోసారి చావాలా? సిగ్గు లేదట్రా మీకు!"

నాటకం డేరాలో కేకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

వేదిక మీద మలప్రభ అప్పుడే పాట ముగించింది. పాము కరిచి చచ్చిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని తల్లి ఏడుస్తూ పాడే పాట అది. బనశంకరి జాతరకు వచ్చిన జనం ఈలలు వేసి "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అని అరుస్తున్నారు. కొడుకు వేషం వేసిన చిన్నపిల్ల మళ్ళీ చచ్చిపోవడానికి కాళ్ళు సర్దుకుంటోంది.

సరిగ్గా అప్పుడే ముందు చాపల మీద నుంచి ఒక ముసలామె లేచి జనాన్ని తిట్టింది.

ఎవరో నవ్వారు.

"నిద్రొస్తే ఇంటికి పోరాదూ అవ్వా!" అన్నారు ఇంకెవరో.

కానీ వన్స్‌మోర్ మళ్ళీ వినపడలేదు. హార్మోనియం మాస్టరు చేతులు కట్టుకున్నాడు. తెర దించేశారు.

మలప్రభ లోపలికి వస్తూనే చేతి గాజులు తీసి విసిరికొట్టింది.

"నిన్నా ఇంతే ధణీ! ఆ ముసల్దే చెడగొట్టింది."

అందరూ ధణీ అని పిలిచే కంపెనీ యజమాని ఈరణ్ణ వక్క నములుతూ నిలబడ్డాడు.

"నా మాట నాదే మలప్రభా. ఆ పాటకు మూడు వన్స్‌మోర్లు పడితే తర్వాతి ఊరు గదగ్ క్యాంపులో నాయిక వేషం నీది. పడలేదా, నీ డాన్సు నీకు ఉండనే ఉంది."

డాన్సు అంటేనే మలప్రభకు అసహ్యం. ఆరేళ్ళుగా హాస్యగాడి పక్కన నడుము ఊపుతోంది. జనం అనే మాటలకు నవ్వుతున్నట్టు నటిస్తోంది. అసలు నాయిక పురిటికి వెళ్ళబట్టి ఈ తల్లి వేషం దక్కింది. రేపటితో జాతరలో ఆట ఆఖరు.

మర్నాడు సాయంత్రం మలప్రభ ముఖానికి రంగు వేయించుకుని, తనే వెళ్ళి గేటు దగ్గర కాపు కాసింది.

ముసలామె టిక్కెట్టు చేత పట్టుకుని మెల్లగా వచ్చింది.

"నీకు లోపలికి దారి లేదు. నడు."

"టిక్కెట్టు కొన్నాను తల్లీ."

"తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టుకో. నా నోటి దగ్గర కూడు లాగేస్తే నీకేం వస్తుందే?"

ముసలామె కోపం తెచ్చుకోలేదు. ఇంకొంచెం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"గొంతు బాగుంది నీది. రెండో చరణంలో ఊపిరి ముందే తీసేసుకుంటున్నావు, అంతే. కానీ మళ్ళీ పాడమంటే మాత్రం పాడకు. ఒక్కసారి చాలు. తెర దించెయ్యమని చెప్పు."

"అబ్బో, పాఠం చెప్పొచ్చింది! ఎన్ని నాటకాలు ఆడావేంటి నువ్వు?"

ముసలామె టిక్కెట్టు గేటు మనిషి వైపు చాపింది.

అతను ఆమె భుజం పట్టుకుని బయటికి నెట్టాడు. ఆ తోపులో ఒక చెప్పు ఊడి లోపలే ఉండిపోయింది. మలప్రభ దాన్ని కాలితో బయటికి తన్నింది.

ఆ రోజు పాటకు మొదటి వన్స్‌మోర్ పడింది. రెండోది కూడా పడింది. మూడోదీ పడింది. దానికి పాడుతుంటే ఒళ్ళో పిల్లకు తుమ్ము వచ్చింది. చచ్చిపోయిన కొడుకు తుమ్మినా జనం చప్పట్లే కొట్టారు.

ఈరణ్ణ తన శాలువా తీసి మలప్రభకు కప్పాడు.

"గదగ్‌లో నిలువెత్తు బొమ్మ పెట్టిస్తాను నీది!"

రంగుల గదిలోకి వచ్చాక కూడా మలప్రభ ఆ శాలువా తీయలేదు. గురుసిద్ధప్ప కొబ్బరినూనె గిన్నె తెచ్చి పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఈ కంపెనీలో అందరి ముఖాలకూ రంగు వేసేదీ, తుడిచేదీ ఆయనే. ఆట నడుస్తున్నప్పుడు ఆ గది దాటి రాడు.

"సాయంత్రం గేటు దగ్గర గెంటించావట, ఆవిడెవరో తెలుసా?" అన్నాడు.

"ఎవరైతే నాకేంటి తాతా?"

"తుంగాబాయి."

మలప్రభ గిరుక్కున ఆయన వైపు తిరిగింది.

"సినిమాల్లో అమ్మ వేషాలు వేసిన తుంగాబాయా? అంత ముసలైపోయిందా, గుర్తే పట్టలేదు!"

"ఆవిడే. డేరా వెనక నుంచి వెళ్తుంటే చూశాను. పిలిచినా ఆగలేదు. చెప్పు చేత్తో పట్టుకుని బస్సెక్కేసింది."

చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఇసుక మీద కూర్చుని తుంగాబాయి ఏడుస్తుంటే మలప్రభ కూడా ఏడ్చేది. ఇంటికి వెళ్ళి చీకట్లో అలాగే ఏడవడం సాధన చేసేది. ఇవాళ వేదిక మీద ఏడ్చిన ఏడుపు కూడా ఆవిడదే.

మలప్రభకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు కోపంగా బయటికి వచ్చింది.

"అంత గొప్పావిడకి నా మీద ఓర్వలేనితనం దేనికి? తన రోజులు అయిపోతే నాకు వన్స్‌మోర్లు పడకూడదా?"

గురుసిద్ధప్ప నూనె గిన్నె కింద పెట్టాడు.

"ఆ పాట మొదట పాడింది ఆవిడేనమ్మా. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, ఈ జాతరలోనే. ఇక పాడలేను, లోపలికి పోతానంటే అప్పటి ధణి ఒప్పుకోలేదు. జనం అడిగినన్నిసార్లూ పాడాల్సిందే అన్నాడు."

"ఎన్ని పడ్డాయి?" అని అడిగింది మలప్రభ, ఉండబట్టలేక.

"మూడు" అన్నాడు గురుసిద్ధప్ప. "ఆవిడ మొదటిసారి పాడి ముగించేటప్పటికి, జ్వరంతో నా ఒళ్ళో పడుకున్న ఆవిడ కొడుకు ఇంకా బతికే ఉన్నాడు."