జగ్గమ్మ ఒప్పుకున్న పేరు

“పెంటమ్మ. అంతే. ఇంకో మాట లేదు,” అంది జగ్గమ్మ.

“నా పిల్లని పెంటమ్మ అని పిలిస్తే నాను పలకను. దాన్నీ పలకనివ్వను,” అంది రోజారాణి.

ఉమామహేశ్ గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. డాక్‌లో మొదటి షిఫ్టు ఆరింటికి. కలకత్తా మెటియాబ్రుజ్‌లో వాళ్ళున్నది ఒకటే గది, దానికి ఒకటే తలుపు. అది దాటేదాకా ఒక చెవిలో తల్లి మాట, ఒక చెవిలో పెళ్ళాం మాట పడుతూనే ఉంటాయి. పిల్ల పుట్టి పద్నాలుగు రోజులు. పద్నాలుగు రోజులుగా ఇదే.

“హ్రియాన్షి,” అంది రోజారాణి. “ఫోన్లో వెతికి పెట్టుకున్నాను. ఈ బస్తీలో ఎవ్వరికీ లేదు.”

“ఈ బస్తీలో ఎవ్వరికీ నోరు తిరగదు కూడా. ఆ పేరుతో పిలవాలంటే ముందు నాకు పళ్ళు కట్టించండి.”

పక్కగది అప్పమ్మ కుళాయి దగ్గర నవ్వింది. రోజారాణి నవ్వలేదు.

“ముందు ఇద్దరికీ ఏటి పెట్టినావు?” జగ్గమ్మ గొంతు తగ్గించింది. “నివాన్ష్, కైరా. అవీ ఫోన్లోవే. ఒకడు నెల్లాళ్ళున్నాడు. ఒకతి రెండు నెల్లుంది. ముద్దు పేరెట్టి ఊరంతా వినబడేలా పిలిస్తే, వినకూడనోడు కూడా వింటాడు. అదే పెంటమ్మ అన్నామనుకో, ఈ చెత్త నాకెందుకని ఆడి దారిన ఆడు పోతాడు. నాకు ముగ్గురు పోయాక ఈణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి ఎత్తుకున్నాను. పెంటయ్య అన్నాను. బతికి బూట్లు కట్టుకుంటన్నాడా, లేదా?”

“డాక్‌లో పెంటయ్యా అంటే తిరిగి చూడడు. కార్డు మీద ఉమామహేశ్ అని రాయించుకున్నాడు. కాదేమో అడుగు.”

ఉమామహేశ్ రెండో బూటు తాడు బిగించాడు. ఏమన్నా ఇద్దరిలో ఒకరికి తప్పే.

“పేరు పెట్టే ఇరవయ్యొకటో రోజుకి ఇంకా వారం ఉంది. అప్పుడు చూద్దాం. ఆస్పత్రికి ఎన్నింటికి?”

“పదింటికి,” అంది రోజారాణి.

పాలు తాగేటప్పుడు పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. నాలుగు రోజుల కిందట పిల్లల ఆస్పత్రిలో గుండెకు పరీక్షలు చేశారు. ఫలితం ఈ రోజు చెప్తామన్నారు. డాక్‌లో పని చేయించే సర్దారుని ఉమామహేశ్ సెలవడిగితే ఇవ్వలేదు. రోజారాణి శ్రీకాకుళం నుంచి కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా బెంగాలీ పట్టుబడలేదు. జగ్గమ్మ ముప్పై ఏళ్ళు బెంగాలీల ఇళ్ళలో పనిచేసింది. అందుకని తోడు వెళ్తోంది.

“ఇదైనా నిలబడితే చాలు,” అన్నాడు ఉమామహేశ్ లేస్తూ.

“నానూ అదే కదరా అంటన్నాను, పెంటా,” అంది జగ్గమ్మ.

అతను మూడింటికి తిరిగొచ్చేసరికి గదిలో పీట వేసి ఉంది. పళ్ళెంలో బియ్యం పోసి ఉంది. పక్కన సందేశ్ మిఠాయి పొట్లం.

“మావా, అత్త ఒప్పుకుంది!” రోజారాణి ఎదురొచ్చింది. “హ్రియాన్షే! వారం ఆగడం ఎందుకు, ఈ రోజే పెట్టేద్దాం అంది.”

“డాక్టరు ఏటన్నాడు?”

“మందులేవీ అక్కర్లేదన్నాడంట. సూదులు కూడా లేవు. ఇంటికి తీసుకుపోయి, అడిగినప్పుడల్లా పాలిచ్చి, ఎత్తుకునే ఉండమన్నాడంట. అత్తతోనే చాలాసేపు మాట్లాడినాడు. ఆయనే లేచి కుర్చీ లాగి కూర్చోబెట్టినాడు మావా! అత్త బెంగాలీ అంటే మరేటనుకున్నావు?”

ఉమామహేశ్ బూట్లతోనే రెండడుగులు లోపలికి వేసి, గుర్తొచ్చి వెనక్కెళ్ళి విప్పాడు. నాలుగు రోజులుగా అతను సరిగా అన్నం తినలేదు. సందేశ్ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

జగ్గమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెదాలు కదుపుతోంది.

“హిర్యా... ఇంకోపాలి చెప్పవే కోడలా.”

“హ్రియాన్షి, అత్తా.”

“హ్రియాన్షి.”

ఈసారి నోరు తడబడలేదు.

“ఏటే జగ్గమ్మా, పళ్ళు కట్టించీసినారేటి?” అంది అప్పమ్మ. జగ్గమ్మ ఆ పేరే మళ్ళీ ఒకసారి అనుకుంది.

ఉమామహేశ్ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు రాయడం రాదు. రోజారాణి అతని వేలు పట్టుకుని ఉంగరంతో బియ్యంలో పేరు రాయించింది. ఎదురు గదుల బెంగాలీ ఆడవాళ్ళు శుభమని నాలుక ఆడిస్తూ ఉలుధ్వని చేశారు. జగ్గమ్మ పిల్ల చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. చాలన్నా వినకుండా నాలుగోసారీ చెప్పింది. ఏం పేరని అడిగిన వాళ్ళకల్లా గొంతు తగ్గించకుండా ఆ పేరే చెప్పింది.

అందరూ వెళ్ళాక జగ్గమ్మ పళ్ళెం పట్టుకుని కుళాయి దగ్గరికి పోయింది. ఉమామహేశ్ వెనకే వెళ్ళాడు.

“రోజా నవ్వి ఎన్నాళ్ళయిందో అమ్మా. పొద్దున్న దాకా పెంటమ్మే అన్నావు. ఎలా ఒప్పుకున్నావే?”

జగ్గమ్మ పళ్ళెం కడిగింది. కడిగిందే మళ్ళీ కడిగింది. గదిలో రోజారాణి పాలిస్తూ పిల్లని పేరు పెట్టి పిలుస్తోంది. కోడలికి వినబడదని తేల్చుకున్నాక కొడుకు వైపు తిరిగింది.

“పెంటమ్మన్నది బతికే పిల్లకి పెట్టే పేరురా.”