కమాను

రామక్క కడవ మూతికి పాతచీర గుడ్డ కట్టి వాగునీళ్లు వడపోస్తోంది. పైన గని తెరిచినప్పటినుంచి వాగు ఎర్రగానే పారుతోంది.

పంచాయతీ కార్యదర్శి వచ్చి, ఆమె మొగుడు రాఘవులుకు కాగితం అందించాడు. సర్పంచ్ రామక్కే అయినా, మూడేళ్లుగా ముద్ర ఉండేది రాఘవులు జేబులోనే.

"గని పైసలతోని సడక్ మీద స్వాగత కమాను కట్టాలని మీ ఊరే అడిగినట్టు రాసినం. ముద్ర కొట్టన్నా."

రాఘవులు ముద్ర తీశాడు. రామక్క తడిచేత్తోనే దాన్ని లాక్కుంది.

"ఊరు ఎప్పుడడిగింది? ఊరడిగేది మంచినీళ్లు."

కార్యదర్శి నవ్వాడు. "రాఘవులన్నా, ఇంట్ల సర్పంచ్ మారినట్టున్నదే!"

"మారలే. ముందునుంచీ నేనే."

"అయితే ఇంకేంది వదినా? నువ్వంటే ఊరన్నట్టే. కొట్టెయ్."

"ఊరి పని చెయ్యమని గెలిపించిన్రు. ఊరికి బదులు నోరు తెరువుమని కాదు. నాకే లేని హక్కు మీ పై ఆఫీసు సార్లకు ఏడికెల్లి వచ్చింది? సభ పెట్టు. పదిమందీ కమానే కావాలంటే అప్పుడు కొడత."

"కాగితం పొద్దుగూకేలోపు పోవాలె. ఇప్పటికిప్పుడు ఊరినంతా ఎవరు పిలుస్తరు?" అంటూ కార్యదర్శి రాఘవులును చూసి కన్నుగీటాడు.

రాఘవులు నవ్వలేదు. గోడకున్న చాటింపు డోలు తీసి మెడలో వేసుకుని గడప దాటాడు.