లస్మవ్వ బర్రె పాలు

చొప్పదండిలో ప్లాస్టిక్ కవర్లు కొత్తగా వచ్చిన రోజులవి. పెండ్లిళ్లలో మిగిలిన బువ్వను లస్మవ్వ కవర్లలో తెచ్చి బర్రెకు పెట్టేది. ఉప్పు రుచికి అది కవర్లను కూడా నాకి మింగేది. ఒకరోజు బర్రె చచ్చిపోయింది. ఆ సాయంత్రం పశువుల డాక్టరు దాని పొట్ట కోసి చూపించాడు.

"గడ్డి లేదవ్వా, అన్నీ కవర్లే. పొద్దుటి పాలుంటే జర సీసల పొయ్యి. పరీక్షకు పంపాలె."

"నా చేతులతోనే పెట్టిన సారూ," అంది లస్మవ్వ.

రాత్రి కొట్టంలో కవరు నలిపినట్టు చప్పుడైంది. గాలి లేదు. ఇంట్లో ఉన్న కవర్లన్నీ ఆమె అప్పటికే కాల్చేసింది. లాంతరు పట్టుకుని వెళ్తే ఆ బర్రె ఈనిన దుడ్డె ఒక్కటే పడుకుని ఉంది. వంగి దాని పొట్టకు చెవి ఆనించింది. చప్పుడు లోపలి నుంచే వస్తోంది.

అది ఇంకా గడ్డి కొరకలేదు. తల్లి పాలు తప్ప ఏమీ ఎరగదు.

"నీకెట్లొచ్చినయ్ బిడ్డా," అంటూ దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

ఇంట్లోకి వచ్చేసరికి మనవరాలు నిద్రపోతోంది. పురిట్లోనే తల్లి పోయిన పిల్ల. ఆ బర్రె పాలు పోసే పెంచింది.

పిల్ల నిద్రలో ఒత్తిగిల్లింది. మళ్లీ అదే చప్పుడు.

వంగి చెవి ఆనించడానికి లస్మవ్వకు ధైర్యం చాలలేదు.